లాభం తర్వాత రెండు

అయినా మూటను ఎత్తేటప్పుడు మూటతో ఎవరైనా మాట్లాడతారా అనుకుంది శాంతకుమారి. అనుకున్నాక సిగ్గుపడింది. సిగ్గుపడ్డాక, రోజూ ఎత్తినట్టే ఎత్తింది.

రాత్రంతా మంచంలో కిందికి జారిపోయిన అత్తను తలదిండు దాకా పైకి లాగాలి. పొద్దున లేవగానే ఈ ఇంట్లో జరిగే మొదటి పని అది. పొయ్యి వెలిగించడం రెండోది. తలవైపు నిలబడి, రెండు చంకల కింద రెండు చేతులు దూర్చి, వేళ్ళు బిగించి, ఊపిరి పట్టి ఒక్క గుంజు గుంజితే బయ్యమ్మ పైకి వచ్చేస్తుంది. అర నిమిషం పట్టదు. ఆమెకు కుడి పక్క పడిపోయి ఏడాదిన్నర అయింది. మాట కూడా ఆ పక్కతోనే పోయింది, ఒక్కటి తప్ప. కోడలి చేతులు చంకల్లోకి వెళ్ళిన క్షణాన ఆ ఒక్క మాట ఆమె నోట్లోంచి వస్తుంది.

"లాబం."

ఇవాళా వచ్చింది. మాట పూర్తయ్యేలోగా గుంజడమూ పూర్తయింది. మాట చివర ఊపిరి అడ్డుపడి విరిగిపోయింది.

గడప దగ్గర కుర్చీలో నిన్నటి పేపరు చదువుకుంటున్న ఆనందరావు తల తిప్పకుండానే నవ్వాడు. "సూడు, మాయమ్మకు ఇంకా లాబం యావ పోలేదు. మా, సెనక్కాయల రేటు ఎంతుండాదో సదివి చెప్పల్లనా?"

శాంతకుమారికి ఆ మాట వేరేగా వినిపించేది. నేను బతికి ఏం లాభం అని అత్త అడుగుతున్నట్టు. ఒక్కోసారి, నిన్ను కోడలిగా తెచ్చుకుని నాకేం లాభం అన్నట్టు. ఏడాదిన్నరగా రోజుకు ఆరేడుసార్లు ఆ ప్రశ్న వింటూ వచ్చింది. ఆరేడుసార్లూ తన చేతులతోనే జవాబు చెబుతూ వచ్చింది.

ఎనభై మూడో సంవత్సరం, ఏప్రిల్ నెల. మదనపల్లెలో బడులన్నీ ఒంటిపూటవి. హైస్కూల్లో లెక్కలు చెప్పే ఆనందరావు పన్నెండుకల్లా ఇంటికి వచ్చేస్తాడు. వచ్చి, గంగాళంలో నీళ్ళు తాగి, మూతపెట్టిన అన్నం తిని, తల్లి మంచానికి ఆరడుగుల దూరంలో చాప పరుచుకుని పడుకుంటాడు. ఆ మధ్యాహ్నాల్లో బయ్యమ్మ మళ్ళీ మెల్లగా కిందికి జారుతూనే ఉంటుంది. గడ్డం రొమ్ముకు ఆనేదాకా జారుతుంది. శాంతకుమారి ఆసుపత్రి నుంచి అయిదింటికి వచ్చి గుంజేదాకా అట్లాగే ఉంటుంది. "కదిలిస్తే ఏమవుతాదో అని నేను ముట్టలేదు" అంటాడు ఆయన, అదేదో తన వంతు జాగ్రత్త అన్నట్టు.

బయ్యమ్మను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే ఆ సంగతి తేలిపోయింది. ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు. "నర్సువి నువ్వు. నీకు ట్రైనింగుండాది. నాకేం తెలుస్తాది?" అన్నాడు ఆనందరావు. ఇంకో రోజు, ఒక్క చెయ్యి పట్టమన్నప్పుడు, "ఏమ్మే, ఆడమనిషి ఒళ్ళు నేనెట్లా పట్టేది? తల్లయినా ఆడమనిషే కదా" అన్నాడు. పుంగనూరు నుంచి వచ్చిన ఆడబిడ్డ వసంతమ్మ ఆ పూటే పరిష్కారం చెప్పేసింది. "నీ బిడ్డను నేను తీసకపోయి సదివించుకుంటా వదినా. నా తల్లిని నువ్వు సూసుకో. సరికి సరి." కూతురు ట్రంకుపెట్టెతో పుంగనూరు బస్సెక్కింది. సరికి సరి అన్నప్పుడు ఎవరి సరికి ఎవరు సరి అని శాంతకుమారి అప్పుడు అడగలేదు. ఆసుపత్రిలో ఎనిమిది గంటలు ఎత్తి, ఇంట్లో ఎనిమిది గంటలు ఎత్తి, నడుముకు పాత చీర పేలిక బిగించి కట్టుకుని నడవడం నేర్చుకుంది. ఆ కట్టు చూసి, "నడుము నొప్పి లేని ఆడమనిషిని యాడన్నా సూపించు" అన్నాడు భర్త. మాట నిజమే కాబట్టి ఆమె ఊరుకుంది. నిజమైన మాటలతోనే ఆయన ఆమెను ఎప్పుడూ ఊరుకోబెట్టేవాడు.

కానీ ఇదంతా చెప్పుకుంటే తను మంచిదైపోతుంది. శాంతకుమారికి తన గురించి తెలిసిన సంగతి వేరే ఉంది. ఆ సంగతిని ఆమె ఎవరికీ చెప్పలేదు, చాలాకాలం తనకు కూడా చెప్పుకోలేదు.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో బయ్యమ్మ గట్టిగా ఉండేది. చౌడేపల్లె దగ్గర మూడెకరాల మెట్ట ఒంటిచేత్తో సాగుచేసి, మొగుడు పోయాక కొడుకును, కూతుర్ని మిషన్ బడిలో చదివించిన మనిషి. మిషన్‌లో ఆమెకు ఇంకేదో పేరు పెట్టారు గాని, ఊళ్ళో అందరికీ ఆమె బయ్యమ్మే. కోడలు నర్సని ఆమెకు గొప్పా ఉండేది, రోతా ఉండేది. శాంతకుమారి డ్యూటీ నుంచి వచ్చి వంటింటి గడపలో కాలు పెట్టగానే ఒకే ప్రశ్న. "సేతులు కడిగినావా?" కడిగింది కదా అంటే, "ఎవురెవుర్ని ముట్టినాయో ఆ సేతులు. మళ్ళా కడుగు." పదకొండేళ్ళు. చుట్టాల ముందు, చర్చి ఆడవాళ్ళ ముందు, కూతురికి మొదటి ముద్ద పెట్టబోతుంటే కూడా. ఆ పదకొండేళ్ళూ శాంతకుమారి మారుమాట లేకుండా చేతులు కడుక్కుంది.

ఇప్పుడు ఆ చేతుల్లోకే బయ్యమ్మ వచ్చింది. చంకల కింద వేళ్ళు బిగించి గుంజినప్పుడు, ఆ ముసలి ఊపిరి అడ్డుపడి విరిగినప్పుడు, శాంతకుమారి లోపల ఎక్కడో, చాలా లోతున, ఏదో చల్లబడేది. ఒక్క క్షణం. గోడకు కొట్టిన మేకు సరిగ్గా దిగినప్పుడు ఉండే తృప్తి లాంటిది. ఆ క్షణాన్ని తొందర అని, అలసట అని, ఏడున్నరకు అటెండెన్సు అని పిలుస్తూ వచ్చింది. కానీ సెలవు రోజుల్లోనూ అది ఉండేది. తొందర లేని ఆదివారం మధ్యాహ్నాల్లోనూ ఉండేది.

క్రిస్మస్‌కు వచ్చిన వసంతమ్మ తల్లికి ఒళ్ళు తుడుస్తూ చంకలో నలుపు చూసింది. "వదినా, ఈడ ఇంత నల్లగా కమిలిండాది, యాల?" అంది. అందులో అనుమానం లేదు. నర్సును అడిగి తెలుసుకుందామనే అమాయకత్వమే ఉంది. "రక్తం గడ్డకట్టకుండా మాత్రలు ఇస్తాం కదమ్మా. దానికి కొంచెం ఒత్తుకున్నా చాలు, నల్లబడుతుంది" అంది శాంతకుమారి. ఎంత నెమ్మదిగా చెప్పిందంటే, వార్డులో రోగుల బంధువులకు చెప్పే గొంతు అదే. వసంతమ్మ తల ఊపింది. మంచంలో బయ్యమ్మ కళ్ళు మాత్రం కోడలి మొహం మీదే ఉన్నాయి. మాట పోయింది గాని ఆమెకు చెవులున్నాయి. ఆ చూపును శాంతకుమారి నాలుగు నెలలుగా మోస్తోంది.

ఈ వారం ఆమెకు వార్డు డ్యూటీ లేదు. వేలూరు నుంచి ఫ్లోరా అనే ఫిజియోథెరపిస్టు వచ్చి, ఆసుపత్రిలో ఆరుగురిని ఏరి పాఠం చెబుతోంది. లేవలేని మనిషిని దెబ్బ తగలకుండా, మర్యాద పోకుండా ఎట్లా కదిలించాలో ఇతరులకు నేర్పేవాళ్ళను తయారుచేసే పాఠం. ఆరుగురిలో ఒకరు మే నెలలో కుప్పం వెళ్ళాలి. అక్కడ కొత్తగా తెరిచిన వృద్ధుల ఆశ్రమంలో ఆయాలకు, వార్డుబాయిలకు మూడు వారాలు నేర్పాలి. ఆ ఒక్కరు శాంతకుమారే అని మొదటి రోజే అందరూ అన్నారు. ఆమెకూ ఆశ ఉంది. ఇన్‌స్ట్రక్టర్ అనే మాటను ఒకసారి స్నానాల గదిలో, నీళ్ళ చప్పుడు చాటున, పైకి అనుకుని చూసుకుంది. తను ఇచ్చే మందులకు డాక్టరు పేరుంది, తను వండే అన్నానికి ఇంటిపేరుంది. తన పేరుమీద తను నిలబడి నలుగురికి ఏదైనా చెప్పడం ఇదే మొదలు అవుతుంది.

"మూడు వారాలా?" అన్నాడు ఆనందరావు, సంగతి విని. "ఆడికి నువ్వు పోతే ఈడ అమ్మనెవురు సూసేది?"

మే నెలంతా ఆయనకు సెలవులు. ఆ ప్రశ్నకు నేను అనే జవాబు ఒకటి ఉందని ఆయనకు తట్టలేదు. ఆయనకు తట్టకపోవడం వింత కాదు. తనకు కూడా తట్టలేదు చూడు, అదీ వింత అనుకుంది శాంతకుమారి, ఆసుపత్రికి నడుస్తూ. ఆ ప్రశ్నకు తను నిజంగానే జవాబు వెతకడం మొదలుపెట్టింది; పక్కింటి ముసలామెను, చర్చిలో బైబిలు చదివే వితంతువును, అందరినీ తలచుకుంది. ఆరడుగుల దూరంలో చాప మీద పడుకునే మనిషి ఆ వరసలో ఎక్కడా రాలేదు.

పాఠం నర్సుల హాస్టలు కింది హాల్లో జరుగుతోంది. రెండు ఇనుప మంచాలు, ఒక చక్రాల కుర్చీ, ఒక నల్లబోర్డు. ఫ్లోరా యాభై దాటిన సన్నటి మనిషి. తెల్లచీర మీద కాన్వాసు బూట్లు వేసుకుంటుంది. తమిళం కలిసిన తెలుగులో నెమ్మదిగా మాట్లాడుతుంది. మొదటి రోజు బోర్డు మీద ఒక వాక్యం రాసి, ఇప్పటిదాకా తుడవనివ్వలేదు. చెయ్యి కంటే ముందు మాట. చంకల కింద చేతులు వేసి గుంజడం ఎవరు చేసినా తప్పే అని ఆ రోజే చెప్పింది. పక్షవాతం వచ్చిన భుజం ఊడిపోతుంది, గుంజినవాళ్ళ నడుము పోతుంది. నడుం కింద మడిచిన దుప్పటి వెయ్యాలి, అటొకరు ఇటొకరు దాని అంచులు పట్టుకోవాలి, ఒక్కరే ఎన్నడూ ఎత్తకూడదు. శాంతకుమారి అన్నీ నోటుబుక్కులో చక్కగా రాసుకుంది. ఆ దుప్పటి పట్టుకోవడం మిగతా అయిదుగురికీ ఆమే చూపించింది. రాసుకున్నవీ చూపించినవీ వేరే ఇంటివి అన్నట్టు, మర్నాడు పొద్దున మళ్ళీ చంకల కింద చేతులు దూర్చింది.

నాలుగో రోజు, అంటే ఇవాళ, ఫ్లోరా కొత్త పని పెట్టింది.

"ఈ రోజు మీరే పేషంట్లు. ఆడవాళ్ళు ఆ మంచం, మగవాళ్ళు ఈ మంచం. ముందు ఏమీ చెప్పకుండా ఎత్తండి. పాత పద్ధతి. శాంతా, నువ్వు పడుకో అమ్మా."

శాంతకుమారి నవ్వుతూ పడుకుంది. కప్పు మీద బల్లి ఒకటి కనిపించింది. ఈ ఆసుపత్రిలో పదమూడేళ్ళుగా వందల మంచాల పక్కన నిలబడింది గాని, కప్పును ఎన్నడూ చూడలేదని తెలిసింది. తలవైపు ఇద్దరు నర్సులు వచ్చారు. వాళ్ళ మొహాలు తలకిందులుగా ఉన్నాయి, పై నుంచి వచ్చినందుకు పెద్దగా ఉన్నాయి. చెప్పాపెట్టకుండా నాలుగు చేతులు చంకల్లో దూరాయి. తన ఒళ్ళు తనకంటే ముందు వెళ్ళిపోయింది. పైట జారింది. నాలుక పళ్ళ మధ్య పడింది. ఒక్క క్షణం ఎక్కడా ఆనుకోవడానికి ఏమీ లేక, కాళ్ళు తనకు తెలియకుండానే గాలిలో కొట్టుకున్నాయి. ఎవరో నవ్వారు, మంచిగానే నవ్వారు. పైట సర్దుకుంటూ ఆమె గమనించింది: నొప్పి పెద్దగా లేదు. నొప్పి కాదు అది. తను ఉందన్న సంగతి వాళ్ళకు లెక్కలోకి రాలేదు, అంతే. ఆ రెండు జతల చేతులనూ ఆమె గుర్తుపట్టింది. తన చేతులు అవి.

"ఎట్లా ఉండిందమ్మా?" అని అడిగింది ఫ్లోరా.

"ఏం లేదు మేడమ్. బాగానే ఉండింది."

ఫ్లోరా ఆమెను చూసి, "పేషంట్లు కూడా ఇదే చెప్తారు" అంది.

తర్వాత మగవాళ్ళ మంచం దగ్గరికి కదిలారు. మగవార్డు అటెండరు కృష్ణప్ప ఇప్పుడు కొత్త పద్ధతి నేర్పి చూపించాలి. యాభై ఏళ్ళ మనిషి, చదువు అయిదో తరగతి, చేతులు మాత్రం బంగారం. కాంపౌండరు శంకరప్ప రోగిలాగా పడుకున్నాడు. నడుం కింద దుప్పటి మడత వేశారు. కృష్ణప్ప రోగి మొహానికి ఎదురుగా వంగి, గొంతు సవరించుకున్నాడు.

"అప్పా శంకరప్పా, మంచంలో కిందికి జారిపోయినావు. ఇద్దురమూ నిన్ను పైకి జరపతాం. నీ బాగుండే కాలు మడుసుకో. నేను లెక్కబెడతా. మూడన్నప్పుడు నువ్వు మడమతో తొయ్యి, మేము దుప్పటి జరపతాం. సరేనా? ఆఁ. లాబం..."

హాలంతా గొల్లుమంది. పడుకున్న శంకరప్ప కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. "నన్ను ఎత్తితే నీకేం లాబమప్పా కృష్ణప్పా? జీతం పెంచుతారా?"

"యాల నగుతారు?" కృష్ణప్ప నొచ్చుకున్నాడు. "ఈడికి రాకముందు పుంగనూరు సంతలో పదైదేండ్లు రాగులు కొలిచినోణ్ణి. మొదటి శేరును ఒకటి అంటే ఆసామి సెయ్యి ఇరిసేస్తాడు. ఒకటీ అని కొలిస్తే ఒకటితోనే నిలిచిపోతాదంట. లాబం, రెండు, మూడు. అట్లనే లెక్క. ఇప్పుటికీ నా నోటికి ఒకటి రానే రాదు, ఏం చేసేది సిస్టరమ్మా?"

ఫ్లోరా నవ్వలేదు. "మా వేలూరులో కూడా అంతే, లాభం అనే మొదలుపెడతారు. అది కూడా ఒకటే. తప్పేమీ లేదు." ఆమె బోర్డు దగ్గరికి వెళ్ళి, ఏమీ రాయకుండా సుద్దముక్క పట్టుకుని నిలబడింది. "వినండి. లెక్క మన చేతుల కోసం పెట్టేది కాదు, పడుకున్నవాళ్ళ ఒంటి కోసం. ఒకటి అంటే, నాకు తెలిసింది అని. రెండు అంటే, సిద్ధంగా ఉన్నాను అని. మూడు అంటే, కలిసి. ఒకటి పడి రెండు పడకుండానే గుంజేస్తే ఆ మనిషి ఎక్కడ ఉంటారు? గాలిలో ఉంటారు. ఇందాక శాంతా ఉండింది కదా, అట్లా."

శాంతకుమారి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. గోడ చల్లగా ఉంది.

లాబం.

తనకు తెలియని లెక్కా అది? చిన్నప్పుడు సంతలో విన్నదే. ఈ ఇంటికి వచ్చిన ఏడు, చౌడేపల్లె నుంచి వచ్చిన రాగులు బయ్యమ్మ నడింట్లో పోసి కొలుస్తుంటే, బస్తా మూతి పట్టుకుని తనే నిలబడింది. నిండిన శేరు తలను అరచేత్తో సమంగా గీసి, బస్తాలో గుమ్మరిస్తూ, లాబం, రెండు, మూడు అని పాడినట్టు అనేది ఆమె. మంచాన పడ్డ మొదటి రెండు వారాలు ఆసుపత్రిలో నర్సులు వన్, టూ, త్రీ అని ఎత్తేవాళ్ళు. ఎత్తేటప్పుడు లెక్క పెడతారని ఆమె అప్పుడు నేర్చుకుంది. తెలివి పోలేదు, మాట ఒక్కటే పోయింది. ఇంటికి వచ్చాక లెక్క పెట్టేవాళ్ళు లేకపోయారు. అందుకని ఆమే పెట్టింది. తన నోట మిగిలిన లెక్కతో పెట్టింది. చంకల్లో చేతులు దూరగానే ఒకటి అని మొదలుపెట్టి, రెండు అని ఎవరైనా అంటారని ఆగింది. రోజుకు ఆరేడుసార్లు. ఏడాదిన్నర. కొడుకు సెనక్కాయల రేటు చదివి చెప్పాడు. కోడలు గుంజింది.

ఎవరో పిలుస్తున్నా వినకుండా శాంతకుమారి బయటి కొళాయి దగ్గరికి వెళ్ళింది. చేతులు కడుక్కుంది. సబ్బు అరిగిపోయి అట్టముక్కలా ఉంది. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద రుద్దుకుంది. సేతులు కడిగినావా? కడిగింది. మళ్ళా కడుగు. మళ్ళీ కడిగింది. పదకొండేళ్ళు విన్న ఆ ప్రశ్న మొదటిసారి ఆమెకు న్యాయంగా వినిపించింది.

సాయంత్రం నాలుగున్నరకు అందరూ వెళ్ళాక ఫ్లోరా ఆమెను ఆపింది. "కుప్పానికి నీ పేరు రాస్తున్నాను. నీ చెయ్యి మెత్తనిది. చెప్పేది కూడా స్పష్టంగా చెప్తావు."

ఆ మెచ్చుకోలు చెంప మీద పడ్డట్టు పడింది. "ఇంట్లో అడిగి చెప్తాను మేడమ్" అంది శాంతకుమారి.

"ఇంట్లో ఎవరున్నారు?"

"మా అత్త. పక్షవాతం. కుడి పక్క."

"అట్లానా? చెప్పనే లేదు నువ్వు." ఫ్లోరా సంచిలో పుస్తకాలు సర్దుకుంటోంది. "ఎత్తేటప్పుడు రెండో పక్క ఎవరు పట్టుకుంటారు?"

"ఎవరూ లేరు మేడమ్. నేనొక్కదాన్నే."

చెప్పేశాక, చాప మీది మనిషి గుర్తొచ్చి, తెలిసింది అది అబద్ధమని. మాత్రల అబద్ధం కంటే పాతది; ఎంత పాతదంటే, నోటికి నిజంలాగే వచ్చేసింది. ఫ్లోరా సంచి జిప్పు లాగి, తన నడుం మీద చెయ్యి వేసుకుని, మెల్లగా నిటారుగా అయింది. ఆ నిటారు కావడంలో ఉన్న నొప్పిని శాంతకుమారి గుర్తుపట్టింది. "రేపు చెప్పు. పేరు ఇంకా రాయలేదు" అంది ఫ్లోరా.

ఇంటికి నడిచే దారి పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో రెండు మూడుసార్లు ఆమె తనను తాను క్షమించేసుకుంది. అంత పని ఒక్కదాని మీద వేస్తే ఎవరి చేతులైనా అట్లాగే అవుతాయి అనుకుంది. అది నిజం. ఆ నిజం చంకలో నలుపును మాన్పదు అనుకుంది. అదీ నిజం. ఈ రెంటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుంటే రెండోది వదిలేయవచ్చని ఇన్నాళ్ళూ అనుకుంది. తప్పు తనది అనుకున్నన్నాళ్ళు ఆయనను పిలవలేకపోయింది. పిలిస్తే ఆ చంకలు కనిపిస్తాయి. తప్పు ఆయనది అనుకున్నప్పుడల్లా ఇంకొంచెం గట్టిగా గుంజింది. రెండు అంచులూ తనే పట్టుకుని ఇన్నాళ్ళూ మంచం చుట్టూ తిరిగింది.

తలుపు తీసే ఉంది. ఆనందరావు చాప మీద కూర్చుని కాళ్ళు చాపుకుని రేడియో తిప్పుతున్నాడు. మంచంలో బయ్యమ్మ జారిపోయి, గడ్డం రొమ్ముకు ఆని, మెడ పక్కకు వాలి ఉంది.

"వచ్చినావా? కాఫీ పెట్టు మే. తల నొస్తాండాది."

శాంతకుమారి వంటింట్లోకి పోలేదు. దండెం మీది దుప్పటి తీసి నాలుగు మడతలు వేసింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అత్త మొహం ఎత్తులో తన మొహం ఉండేలా కూర్చుంది. ఆ మొహాన్ని అంత దగ్గరగా చూసి ఎంతకాలమైందో. "అత్తా, ఇంగ చంకల్లో చేతులు వెయ్యను" అంది. "నిన్ను పక్కకు తిప్పి కింద దుప్పటి వేస్తాను. మెల్లగా." బయ్యమ్మ కళ్ళు అనుమానంగా చూశాయి. ఆ అనుమానం తను సంపాదించుకున్నదే. తిప్పి, దుప్పటి పరిచి, మళ్ళీ వెల్లకిలా చేసి, ఎడమకాలు మడిచి పెట్టింది. లేచి నిలబడింది.

"ఏమండీ, ఇట్లా రాండి. ఆ పక్క పట్టుకోవల్ల."

"ఈ పొద్దేంది కొత్తగా? ఇన్నాళ్ళూ ఒక్కదానివే ఎత్తినావు కదా."

"ఎత్తలేదు. గుంజినాను." ఆమె బయ్యమ్మ రవికె చెయ్యి కొంచెం పక్కకు జరిపింది. నాలుగు వేళ్ళ గుర్తులు, కొన్ని పాతవై పచ్చబడ్డవి, కొన్ని నీలంగా. "ఈ నలుపు మాత్రల వల్ల కాదు. నా వేళ్ళవి."

రేడియో ఆగింది. ఆనందరావు లేచి వచ్చి చూశాడు. "వసంతకు మాత్రలని చెప్తివే."

"అబద్ధం చెప్పినాను."

"నర్సువి నువ్వు! మాయమ్మను ఇట్లా... నువ్వు మనిషివేనా?"

ఏడాదిన్నరగా ఆమె భయపడింది ఈ మాటకే. వచ్చింది. వచ్చి, ఇంట్లో ఓ మూల నిలబడింది. తను ఊహించుకున్నంత పెద్దదిగా లేదు. రేపటి నుంచి ఈ మాట ఆయన చేతిలో ఉంటుంది, పుంగనూరు దాకా వెళుతుంది, కూతురి చెవినా పడుతుంది. అన్నీ తెలిసే ఆమె అక్కడే నిలబడి ఉంది.

"సిగ్గుగానే ఉండాది నాకు. ఇప్పుడు ఆ అంచు పట్టుకోండి."

"నాకేం తెలుసు ఇదంతా? నేనేమన్నా..."

"తెలీదు. నేర్పిస్తాను. అదే ఇప్పుడు నా పని. వచ్చే నెల కుప్పం పోతాండాను, మూడు వారాలు. అంతలోపల మీకు వచ్చేస్తాది. వసంతకు రాయండి, బిడ్డను తోడుకుని రమ్మని. ఆమెకూ నేర్పిస్తా."

"ఆడమనిషి ఒళ్ళు..."

"ఒళ్ళు ముట్టే పని లేదు. దుప్పటంచు పట్టేదే."

ఆయన చూపు వీధి తలుపు మీదికి పోయింది. వెళ్ళి, దాన్ని సగం మూసి వచ్చాడు. సిగ్గు ఆయనకూ ఉంది, వేరే రకంది. మంచానికి అవతలి పక్క నిలబడి, దుప్పటంచును పొడుగు స్కేలు పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"గుప్పిట్లో పట్టండి. మోకాళ్ళు వంచండి. ముందు ఆమెకు చెప్పండి."

"ఏం చెప్పేది?"

"ఏం చేస్తారో అది."

ఆనందరావు తల్లి మొహం చూశాడు. పేపరు చాటు లేకుండా, నవ్వు లేకుండా. "మా..." అన్నాడు. "నిన్ను పైకి జరపతాం మా."

బయ్యమ్మ చూపు కొడుకు మీద నుంచి కోడలి మీదికి, కోడలి మీద నుంచి కొడుకు మీదికి తిరిగింది. ఎడమ చెయ్యి మెల్లగా పాకి మంచం పట్టీని పట్టుకుంది. పెదవి వంకరగా కదిలింది.

"లాబం."

ఆనందరావు నోటి కొసన అలవాటైన నవ్వు వచ్చింది. చేతులు అప్పుడే దుప్పటిని లాగబోతున్నాయి.

"ఆగండి" అంది శాంతకుమారి. "మీయమ్మ లెక్క పెడతాండాది. లాబం అంటే ఒకటి. ఆమె కొలిచిన రాగులు తిని పెరిగినారే, లెక్కల అయ్యవారు మీరు, మీకు తెలీదా?"

నవ్వు ఆయన మొహం మీదే ఉండిపోయింది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక. చేతులు ఆగిపోయాయి. మంచంలో బయ్యమ్మ రోజూ ఆగినట్టే ఆగి, ఊపిరి సగంలో పట్టి, ఎదురుచూస్తోంది.

శాంతకుమారి మోకాళ్ళు వంచి, దుప్పటంచును గుప్పిట్లో పట్టుకుని, అత్త కళ్ళలోకి చూస్తూ, "రెండు" అంది.